మత్స్యకన్య ‘మమ్మీ’లో అతుకు ఎక్కడుంటుంది? స్కూలు ప్రదర్శన కోసం వివరాలు కావాలి

సైన్స్_టీచరమ్మ

అందరికీ నమస్కారం. తొమ్మిది, పది తరగతుల పిల్లల సైన్స్ ఫెయిర్‌లో మత్స్యకన్యల బూటకాల మీద ఒక బల్ల పెడుతున్నాం. పిల్లల ఫోన్లలో తిరుగుతున్నవి ముఖ్యంగా మూడు. ఒకటి, సునామీ తర్వాత చెన్నై మెరీనా బీచ్‌లో దొరికిందని చెప్పే ఫోటోలు. రెండోది, జపాన్‌లో గుడిలో పెట్టిన మమ్మీ. మూడోది, సముద్రం అడుగున తీసినట్టుండే వీడియోలు.

“ఇవన్నీ అబద్ధం” అని ఒక్కమాటలో చెబితే పిల్లలు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వీటిని దేనితో తయారు చేశారు, పరీక్షించినవాళ్లు ఏం చూసి పట్టుకున్నారు, ప్రపంచంలో అందరూ సగం మనిషి సగం చేప అనే ఒకే రూపాన్ని ఎందుకు ఊహించుకున్నారు, ఇవి తెలియాలి. పిల్లలతో ఒక నమూనా చేయించాలని కూడా ఉంది. నిజం చేపతో చేయవచ్చా? వాసన రాకుండా ఎలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయగలరు.

---

ఎముకల_గూడు

మేడమ్, మెరీనా సంగతి ముందు తేల్చేద్దాం. “మెరీనా బీచ్‌లో దొరికింది, ఎగ్మోర్ మ్యూజియంలో గట్టి కాపలా మధ్య దాచారు” అని ఈమెయిల్‌లో మొదలై తర్వాత వాట్సాప్‌కి ఎక్కిన ఫోటోలవి. అందులో ఉన్నది ఫ్లోరిడాకు చెందిన హువాన్ కబానా అనే కళాకారుడు చేసిన శిల్పం. ఎండిపోయిన మత్స్యకన్యల బొమ్మలు చేసి అమ్మడం ఆయన పని. ఆయన వాటిని కళాఖండాలుగానే అమ్మాడు. ఎవరో ఫోటోని పేరు లేకుండా తీసుకుని సునామీ కథ తగిలించారు. 2004 డిసెంబరు తర్వాత మన తీరంలో ఏ పుకారు వేసినా అంటుకునే పరిస్థితి ఉండేది, అందుకే అంత దూరం పాకింది.

ఇలాంటి బొమ్మలన్నిటికీ మూలపురుషుడి లాంటిది ‘ఫీజీ మత్స్యకన్య’. పిల్లలకు దాని కథ తప్పక చెప్పండి, ఎందుకంటే వస్తువు కంటే ప్రచారం ఎలా నడిచిందన్నది అందులో బాగా కనిపిస్తుంది. శామ్యూల్ బారెట్ ఈడ్స్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, డచ్చి వర్తకుల దగ్గర దాన్ని చూశాడు. కొనడానికి తన చేతిలో ఉన్న ఓడనే అమ్మేశాడు. ఆ ఓడలో అతని వాటా ఎనిమిదో వంతు మాత్రమే, మిగతాది యజమానిది. 1822లో లండన్‌లో ప్రదర్శనకు పెట్టాడు. అక్కడ విలియం క్లిఫ్ట్ అనే శరీరశాస్త్ర నిపుణుడు దాన్ని పరిశీలించి, పుర్రె ఒరాంగుటాన్‌ది, దవడలు, పళ్లు బబూన్ కోతివి, కళ్లు కృత్రిమం, కింది సగం చేప అని తేల్చాడు.

అంటే 1822లోనే దాని గుట్టు రట్టయింది. అయినా ఇరవై ఏళ్ల తర్వాత అదే బొమ్మ న్యూయార్క్‌లో జనాన్ని విరగబడి రప్పించింది. ఈడ్స్ కొడుకు దాన్ని బోస్టన్ మ్యూజియం యజమాని మోజెస్ కింబాల్‌కి అమ్మాడు, కింబాల్ దగ్గర పి.టి. బార్నమ్ అనే ప్రదర్శనల వ్యాపారి వారానికి 12.50 డాలర్లకు అద్దెకు తీసుకున్నాడు. 1842 వేసవిలో బార్నమ్ ఏం చేశాడంటే, వేర్వేరు ఊళ్ల నుంచి న్యూయార్క్ పత్రికలకు ఉత్తరాలు వేయించాడు. వాటిలో స్థానిక వార్తల మధ్య, ‘డాక్టర్ గ్రిఫిన్’ అనే ప్రకృతి శాస్త్రవేత్త దగ్గర మత్స్యకన్య ఉందట అని ఒక వాక్యం. ఆ డాక్టర్ గ్రిఫిన్ నిజానికి బార్నమ్ మనిషి లెవీ లైమన్. ఆ తర్వాత అందమైన మత్స్యకన్యల చెక్క అచ్చు బొమ్మల్ని మూడు పత్రికలకు విడివిడిగా, “ఇది మీ ఒక్కరికే” అన్నట్టు ఇచ్చాడు. మూడూ ఒకే ఆదివారం వేసుకున్నాయి. పదివేల కరపత్రాలు జనంలోకి వెళ్లాయి. వాటిలో పొడవాటి జుట్టుతో సుందరి. లోపలికెళితే నల్లగా ఎండి, నోరు తెరిచి, చేతులు ముఖం దగ్గరికి ఎత్తి, నొప్పితో చచ్చినట్టున్న మూడడుగుల లోపు ముద్ద.

బల్ల మీద ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి. కరపత్రంలో సుందరి, గాజు పెట్టెలో కోతి ముఖం. ఏం చూపిస్తామని పిలిచారు, ఏం చూపించారు అన్న తేడా పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

---

చేపల_శాస్త్రం

పైన రాసినదానికి ఒక సవరణ. “ఈ మమ్మీలన్నీ కోతి పైభాగం, చేప కిందిభాగం కలిపి కుట్టినవే” అని చాలామంది రాస్తుంటారు. మ్యూజియంలు కూడా లేబుళ్ల మీద చాలాకాలం అలాగే రాశాయి. అన్నిటికీ అది వర్తించదు. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో ఒక మత్స్యపురుషుడు ఉంది, దాని పాత పేరే ‘జపనీస్ మంకీ ఫిష్’. ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీస్తే కోతి ఎముక ఒక్కటి కూడా లేదు. లోపల కర్ర, తీగ, మట్టి, కాగితం గుజ్జు. నోట్లో ఉన్న పళ్లు కూడా చేప దవడవే. అంటే ముఖం మొత్తం చేత్తో మలిచిందే.

జపాన్ గుడి మమ్మీ గురించి అడిగారు కదా. అది ఒకాయామా ప్రాంతంలోని అసకుచిలో ఎన్జుఇన్ అనే గుడిలో ఉంది. పొడవు 30 సెంటీమీటర్లు, అంటే పిల్లల స్కేలంత. 1736–1741 మధ్య తోసా తీరంలో వలకు చిక్కిందని పెట్టెలోని చీటీ చెబుతుంది. కురాషికి విశ్వవిద్యాలయ బృందం 2022 ఫిబ్రవరిలో పరీక్షలు మొదలుపెట్టి ఏడాది తర్వాత ఫలితాలు చెప్పింది. పిల్లలకు పాఠంగా పనికొచ్చేది ఇదే, ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబిచ్చింది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

స్కాన్‌లో ముందు వెతకాల్సింది వెన్నెముక. తల నుంచి తోక దాకా ఒకే వరసలో వెన్నుపూసలు ఉన్నాయా? లేవు. పై శరీరంలో వెన్ను లేదు, పుర్రె లేదు, పక్కటెముకలు లేవు. గుడ్డ, కాగితం, దూది కుక్కి ఉన్నాయి. కింది సగంలో మాత్రం నిజమైన చేప ఎముకలు ఉన్నాయి, అవి గొరక జాతి చేపవి. మన కోనసీమ వైపు వలలో పడితే లక్షలు పలికిందని పేపర్లో వచ్చే కచిడి చేప కూడా ఆ కుటుంబంలోదే. అలా చెబితే పిల్లలకు దగ్గరగా ఉంటుంది.

తర్వాత చర్మం. భుజాలు, చేతులు, మెడ, బుగ్గల మీద పఫర్ చేప చర్మం అతికించారు. పైన ఇసుక, బొగ్గుపొడి లాంటివి కలిపిన పూత. దవడ ఏదో మాంసాహార చేపది. జుట్టు ఏదో క్షీరదానిది, గోళ్లు జంతువు కొమ్ము లాంటి పదార్థంతో చేసినవి. ఇక వయసు. పొలుసులకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే 1800ల చివరి కాలానికి చెందినవని తేలింది. చీటీలో ఉన్న సంవత్సరానికీ దీనికీ వందేళ్లకు పైనే తేడా. చీటీ కూడా వస్తువులో ఒక భాగమే, దాన్ని కూడా పరీక్షించాలి అని పిల్లలకు ఇక్కడ చెప్పవచ్చు.

ఇలాంటి మమ్మీలన్నీ ఎందుకు అంత నల్లగా, ముడుతలు పడి ఉంటాయి? చేప చర్మం ఎండితే కుంచించుకుపోతుంది, రంగు పోతుంది, లోపలి నూనె పైకి ఊరి పసుపు, గోధుమ రంగు మరకలు పడతాయి, రెక్కలు పెళుసెక్కి చిట్లుతాయి. తాజా చేప అందాన్ని నిలబెట్టడం మహా కష్టం. ముదురు పూత వేసి శవంలా చూపిస్తే ఆ లోపాలన్నీ వయసు కింద చెల్లిపోతాయి. నడుము దగ్గర కాగితం, పొలుసు కలిసే గీత కూడా ఆ రంగులోనే మునిగిపోతుంది.

ఎక్స్‌రే లేకుండా కంటితో పట్టుకునే గుర్తు ఒకటి ఉంది, అది తోక. చేప తోక రెక్క నిలువుగా ఉంటుంది, చేప ఎడమకూ కుడికీ ఊపుతుంది. డాల్ఫిన్, తిమింగలం, సముద్రపు ఆవు క్షీరదాలు, వాటి తోక అడ్డంగా పళ్లెంలా ఉంటుంది, పైకీ కిందికీ కొడతాయి. నేలమీద పరిగెత్తే క్షీరదం వెన్ను వంగేది ఆ దిశలోనే, నీళ్లలోకి వెళ్లాక కూడా ఆ వంపు మారలేదు. మనిషి నడుము కూడా ముందుకు వంగినంత సులువుగా పక్కకు వంగదు. కాబట్టి మనిషి నడుముకు తోక మొలిస్తే అది అడ్డంగా ఉండాలి. క్యాలెండర్ బొమ్మల్లో, సినిమాల్లో చాలావరకు చేప పొలుసులు వేసి, తోక మాత్రం డాల్ఫిన్‌లా కొట్టిస్తారు. మమ్మీలో నిజం చేప తోక వాడతారు కాబట్టి దాన్ని మెలితిప్పకపోతే నిలువుగానే ఉండిపోతుంది. ముఖం మీ వైపు ఉన్నప్పుడు తోక రెక్క బల్లపరుపు భాగం ఎటు చూస్తోందో గమనించమనండి.

---

యాళి_మకర

సగం మనిషి సగం చేప రూపం ఎందుకు అన్న మూడో ప్రశ్నకు నేను చెబుతాను. మేడమ్, “ప్రపంచంలో అందరూ ఒకే రూపం ఊహించుకున్నారు” అన్న మాట సరికాదు, అక్కణ్నుంచే మొదలుపెడితే బాగుంటుంది. గ్రీకు పురాణాల్లో సైరెన్‌లనే మాయకన్యలు మొదట పక్షులు. పాత మట్టికుండల మీద ఆడదాని తల, పక్షి ఒళ్లు. మధ్యయుగాల్లో మెల్లగా చేప తోక వచ్చింది. జపాన్ వాళ్లు నింగ్యో అనే పాత మత్స్యకన్యల్లో కొన్ని మనిషి ముఖం ఉన్న చేపలే, అందగత్తెలు కారు. వాటి మాంసం తిన్న స్త్రీ ఎనిమిది వందల ఏళ్లు బతికిందని అక్కడి కథ. మన మత్స్యావతారం బొమ్మలో నడుము పైన విష్ణువు నాలుగు చేతులతో, కింద చేప. నాగకన్యకు కింద పాము. థాయిలాండ్, కంబోడియా రామాయణాల్లో రావణుడి కూతురు సువర్ణమచ్ఛ ఉంది, వారధి కట్టకుండా అడ్డుపడుతుంది. ఊరూరికీ ఒళ్లు మారింది.

మారనిది కూర్పు పద్ధతి. మనసు శూన్యంలోంచి జంతువును పుట్టించలేదు, తెలిసినవాటి ముక్కలు తెచ్చి అతుకుతుంది. మన గుళ్లలో స్తంభాల మీది యాళి చూడండి, సింహం ఒళ్లు, తరచుగా ఏనుగు తొండం. మకరానికి మొసలి నోరు, చాలాచోట్ల తొండం, వెనక చేప తోక. సారళదాసు ఒడియా మహాభారతంలో నవగుంజరం ఉంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, కాళ్ల చోట ఏనుగు, పులి లాంటివి, ఒక కాలు బదులు మనిషి చెయ్యి. తొమ్మిదీ మనకు తెలిసిన జీవాలే.

దీన్ని ప్రయోగంతో చూపించినవాడు థామస్ వార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1994లో వచ్చిన అధ్యయనం అది. వేరే గ్రహం మీది జంతువును ఊహించి గీయమని కాలేజీ విద్యార్థులకు చెప్పాడు. స్వేచ్ఛగా గీయమన్నా ఎక్కువమంది కుడి ఎడమలు ఒకేలా ఉన్న ఒళ్లు, కళ్లు, కాళ్లు పెట్టారు. దానికి ఈకలు ఉంటాయని చెబితే అడక్కుండానే రెక్కలు, ముక్కు వచ్చాయి. పొలుసులు అంటే చేప లక్షణాలు వచ్చాయి. మీ బల్ల దగ్గర ఇది పది నిమిషాల్లో చేయించవచ్చు. సగం మందికి “ఈకలున్న జీవి”, సగం మందికి “పొలుసులున్న జీవి” అని చీటీలివ్వండి, ఒకరి చీటీ ఒకరికి కనపడకూడదు. గీశాక రెండు కట్టలుగా గోడకు అంటించండి. జీవి పేరు గానీ, ఉండే చోటు గానీ చీటీలో రాయకండి. “సముద్ర జీవి” అని రాస్తే పొలుసు మాట వల్ల చేప రెక్కలు వచ్చాయో, సముద్రం మాట వల్ల వచ్చాయో తెలియదు.

ఇక “నావికులు కళ్లారా చూశారు కదా” అని ఎవరైనా అడుగుతారు. కొలంబస్ 1493 జనవరిలో కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవి దగ్గర మూడింటిని చూశానన్నాడు, బొమ్మల్లో గీసినంత అందంగా లేవని కూడా రాయించాడు. అవి మానటీలనే నీటి క్షీరదాలు అయ్యుంటాయని అందరూ ఒప్పుకునే మాట. వాటి బంధువు డ్యూగాంగ్, సముద్రపు ఆవు, మన దేశంలోనే పాక్ అఖాతం, మన్నార్, కచ్ సింధుశాఖలు, అండమాన్‌లో ఉంది. ఆడదానికి చన్నులు చంకల దగ్గర ఉంటాయి. ఊపిరికి పైకి రావాలి, వచ్చినప్పుడు గుండ్రటి తల ఒక్క క్షణం కనబడి మునుగుతుంది, వెనక తోక లేస్తుంది. తల, కాసేపటికి తోక. మధ్యలో ఉన్నదాన్ని చూసినవాడి మనసు పూరించుకుంటుంది. ఆ జీవుల వర్గానికి శాస్త్రవేత్తలు సైరీనియా అని పేరు పెట్టింది కూడా సైరెన్ నుంచే. పాక్ అఖాతంలో 2022లో 448 చదరపు కిలోమీటర్లు డ్యూగాంగ్ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పిల్లలకు ఈ జంతువు ఫోటో తప్పక చూపండి, లేని మత్స్యకన్య కంటే ఉన్న ఈ జీవి ఎంతో ముచ్చటైనది.

ఇంకొకటి కూడా ఉండాలి, లేకపోతే పాఠం ఒంటికాలి మీద నడుస్తుంది. 1799లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్లాటిపస్ చర్మాన్ని చూసి జార్జ్ షా అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త, ఇది ఎవరో బాతు ముక్కు అతికించిన మోసమేమో అని అనుమానం రాసుకున్నాడు. ముక్కు దగ్గర అతుకు వెతికితే దొరకలేదు. అది నిజం జంతువు. అనుమానించడం తప్పు కాదు, కానీ వెతికాక దొరకనప్పుడు ఒప్పుకోవాలి. అతుకు లేని వస్తువును కూడా పిల్లల చేత పరీక్ష చేయించండి.

---

సైన్స్_టీచరమ్మ

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండీ. తోక సంగతి నాకు తట్టనే లేదు. వీడియోల గురించి రెండు ముక్కలు, నమూనా గురించి కొంచెం ఎక్కువగా ఎవరైనా చెప్పగలరా?

---

ఎముకల_గూడు

వీడియోలు: సముద్రం అడుగున మత్స్యకన్య చెయ్యి అద్దానికి తగిలించే రకం క్లిప్పులు ఎక్కువగా యానిమల్ ప్లానెట్ 2012లో, 2013లో వేసిన రెండు కార్యక్రమాల్లోనివి. డాక్యుమెంటరీలా తీసిన కల్పన, శాస్త్రవేత్తలుగా మాట్లాడింది నటులు. జనం ప్రశ్నలు వేయడంతో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా 2012లోనే, నీటి మనుషులు ఉన్నట్టు ఆధారం ఎప్పుడూ దొరకలేదని ప్రకటన ఇచ్చింది. పంచుకునేవాళ్లు ఆ కార్యక్రమం పేరు, చివరి గమనిక కత్తిరించేస్తారు. వీడియోని ఆపి ఆపి నాలుగైదు స్క్రీన్‌షాట్లు తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే మూలం చాలాసార్లు దొరుకుతుంది. ముఖం ఉన్న ఫ్రేమ్ కంటే చుట్టూ ఉన్నవి, అంటే పడవ, రాయి, ఒడ్డు కనబడే ఫ్రేమ్ మంచిది.

ఈమధ్య ఏఐ వీడియోలు వస్తున్నాయి, వాటికి పాత మూలం దొరకదు. ఒళ్లు ఇసుకను తాకే చోట నొక్కు పడిందా, తోక కదిలిన చోట గుర్తు మిగిలిందా, చుట్టూ ఉన్న జనం చేతివేళ్లు సరిగా ఉన్నాయా చూడండి. ఇవి రోజురోజుకూ మెరుగవుతున్నాయి కాబట్టి కంటి పరీక్ష ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. ఎవరు తీశారు, ఏ ఊరు, ఏ తేదీ, వేరే కోణంలో ఇంకో వీడియో ఉందా అని అడగడం నేర్పండి.

---

కాగితం_గుజ్జు

నమూనా విషయం. నిజం చేప వద్దు మేడమ్. లోపలి మాంసం పూర్తిగా తీయకపోతే రెండో రోజుకే వాసన, చీమలు. ఉప్పు పట్టించి ఎండబెట్టినా వానాకాలంలో మళ్లీ తేమ పీల్చి జిగటగా తయారవుతుంది. పొలుసులు మాత్రం నిజమైనవే వాడండి, అవి కుళ్లవు. శీలావతి పొలుసులు పెద్దవి, మార్కెట్లో చేపలు కోసేవాళ్లను అడిగితే ఊరికే ఇస్తారు. ఒక రాత్రి ఉప్పునీళ్లలో నానబెట్టి, సబ్బు పొడితో రుద్ది కడగండి, జిగురు పొర పూర్తిగా పోవాలి. తర్వాత అలాగే ఎండలో ఆరేస్తే ఒక్కొక్కటీ దొన్నెలా ముడుచుకుపోతుంది, ఇక అతకదు. న్యూస్‌పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెట్టి రెండు రోజులు ఉంచండి.

కొలత ఎన్జుఇన్ మమ్మీదే పెట్టుకోండి, 30 సెంటీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల జీఐ తీగ వెన్నుకి ఒకటి, చేతులకు అడ్డంగా ఒకటి, కలిసే చోట దారంతో గట్టిగా చుట్టాలి. ఇది వదులైతే పైన ఎన్ని పొరలు వేసినా మెడ ఊగి చిట్లుతుంది. ఒళ్లు దూది, పాత గుడ్డతో నింపి దారం చుట్టండి.

జిగురుకు ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్లలో పోసి, చిక్కబడి కాస్త పారదర్శకంగా అయ్యేదాకా తిప్పండి. ఒక చెంచా ఉప్పు వేస్తే బూజు ఆలస్యమవుతుంది. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం వేస్తారు, అది విషం, పిల్లల చేతుల్లో వద్దు. కాగితం కత్తెరతో కత్తిరించకుండా చేత్తో రెండు సెంటీమీటర్ల వెడల్పున చింపాలి. చింపిన అంచు పలచగా ఉండి పక్కదానిలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా తేలుతుంది. మూడు పొరలు, పొరకూ పొరకూ మధ్య పూర్తిగా ఆరాలి. తొందరపడి మూడూ ఒకేసారి వేస్తే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది, వారంలో బూజు వాసన వస్తుంది.

పొలుసులు తోక కొస నుంచి మొదలుపెట్టి నడుము వైపు రావాలి, పై వరస కింది వరసను సగం కప్పాలి, పెంకుటిల్లు నేసినట్టు. నడుము నుంచి మొదలుపెడితే ప్రతి వరసా తిరగబడి కనిపిస్తుంది. నడుము దగ్గర చివరి వరస మీదికి ఒక సెంటీమీటరు మేర తడి కాగితాన్ని ముడుతలు పడేలా నొక్కి, ఆరాక సన్న ఇసుక, బొగ్గుపొడి ఫెవికాల్‌లో కలిపి పూయండి. అతుకు మాయమవుతుంది. వేలితో తడిమితే మాత్రం గట్టుగా తెలుస్తుంది, అదే కావాలి.

రెండు బొమ్మలు చేయించండి. ఒకటి నిలువునా సగానికి కోసి పెట్టాలి. దానిలో తీగలు రెండిటినీ మధ్యలో కాకుండా వీపు వైపుకు పెట్టి చేస్తే, ముందు సగం వెనక సగం విడిపోయేలా, తీగకు తగలకుండా హ్యాక్సా బ్లేడుతో కోయవచ్చు. కోసిన ముఖం మీద దూది, గుడ్డ, కాగితం పొరలు, బయట పొలుసు వరుసగా కనిపిస్తాయి, చిన్న జెండాల మీద పేర్లు రాసి గుచ్చండి.

ఒక్క జాగ్రత్త. మొత్తం బొమ్మనూ, కోసిన బొమ్మనూ ఒకే చెక్క మీద, ఒక జానెడు దూరంలో మేకులతో బిగించండి, “పదో తరగతి పిల్లలు చేసినది” అన్న అక్షరాలు రెండిటి మధ్య చెక్క మీదే పెయింటుతో రాయండి. అట్ట లేబుల్ పెడితే ఎవరో పక్కకు జరిపి ఫోటో తీస్తారు. ఫెయిర్ అయిన సాయంత్రానికల్లా ఆ ఫోటో ఏ ఊరి సముద్రంలో దొరికిందో కథ పుట్టేస్తుంది.